ఆగిపోయే డౌన్‌లోడ్లకు ఆరియా2: పర్లాకిమిడి లైను మీద కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో నెట్ నిలకడగా ఉండి, బ్రౌజర్లో నొక్కిన ఫైలు నొక్కినట్టు దిగిపోతుంటే మీకు ఆరియా2 అనే ఈ డౌన్‌లోడ్ ప్రోగ్రాంతో పనిలేదు, ఇక్కడితో ఆపేయొచ్చు. ఐదు జీబీ ఫైలు నాలుగున్నర దాకా వచ్చి "ఫెయిల్డ్, నెట్‌వర్క్ ఎర్రర్" అని చూపించి మళ్లీ సున్నా నుంచి మొదలైతే ఎలా మండుతుందో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. కరోనా రోజుల్లో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఇంట్లో అదే పాత డెస్క్‌టాప్ మీద, విండోస్ 10లో, దీన్నే వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు. బొమ్మలూ బటన్లూ కూడా లేవు, చాలామంది దీన్ని ఒకసారి తెరిచి మళ్లీ ముట్టుకోకపోవడానికి కారణం అదే.

మా సంగతి ఏమిటంటే, వీధికి ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. తిత్లీ లాంటి తుఫానుల మాట వదిలేయండి (2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని కుదిపేసింది), మామూలు వేసవి గాలివానకే ఎక్కడో ఒకచోట వైరు లాగేసుకుంటుంది. కరెంటు ఇలా పోయి అలా వచ్చినా సరే, రౌటరు ఆరి వెలిగి మళ్లీ లైను పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు. వీడియో చూస్తున్నవాడు ఆ కాసేపు చక్రం తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటాడు, డౌన్‌లోడ్ మాత్రం చచ్చిపోతుంది. నేను దించేవి ఎక్కువగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే ఉంటున్నాం గానీ, నాకు కావలసిన పుస్తకాలు ఇక్కడా, ఏరు దాటి పాతపట్నం వెళ్లినా షాపుల్లో దొరికే రకం కావు. ఒక్కో సంపుటం వందల ఎంబీలు ఉంటుంది. అవి కాక పిల్లల పరీక్షల మెటీరియల్, అప్పుడప్పుడు ఏదో ఒక లినక్స్ ఫైలు.

ఆగిన డౌన్‌లోడ్ మళ్లీ అక్కడినుంచే సాగాలంటే సర్వరు ఒప్పుకోవాలి, అసలు కిటుకంతా ఇదే. "ఫలానా బైటు నుంచి ఇవ్వు" అని అడిగితే, ఒప్పుకునే సర్వరు 206 అనే కోడ్‌తో ఆ ముక్క మాత్రమే ఇస్తుంది, ఒప్పుకోనిది 200 కోడ్‌తో మొత్తం ఫైలు మొదటినుంచి పంపిస్తుంది. క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ ఈ పద్ధతి తెలుసు, క్రోమ్ సగంలో ఆగిన ఫైలుకి సీఆర్‌డౌన్‌లోడ్ అనీ, ఫైర్‌ఫాక్స్ పార్ట్ అనీ తోక తగిలించి ఉంచుతాయి, రిజ్యూమ్ నొక్కితే చాలాసార్లు సాగుతుంది కూడా. కాకపోతే రాత్రి పెట్టి పడుకున్న ఫైలుకి మధ్యరాత్రి లేచి రిజ్యూమ్ నొక్కేవాళ్లు ఎవరూ లేరు మా ఇంట్లో.

ఆరియా2 ఫైలు పక్కనే అదే పేరుతో, చివర ఆరియా2 అని ఉండే చిన్న ఫైలు ఇంకోటి పెట్టుకుంటుంది. కిరాణా కొట్టు పద్దు పుస్తకం లాంటిదది, ఏ ముక్క వచ్చింది, ఏది రాలేదు అని అందులో రాసుకుంటుంది. కరెంటు పోనివ్వండి, విండోస్ తనంతట తాను అప్‌డేట్ పెట్టుకుని రీస్టార్ట్ అవనివ్వండి, అదే ఫోల్డర్లో అదే లింకుతో మళ్లీ మొదలుపెడితే మిగిలిన ముక్కలే అడుగుతుంది. ఆ చిన్న ఫైలుని "ఏదో చెత్త" అనుకుని డిలీట్ చేయకండి. ఇంకో విషయం, ఎక్స్‌ప్లోరర్లో ఫైలు సైజు పూర్తిగా కనిపిస్తున్నా డౌన్‌లోడ్ అయిపోయినట్టు కాదు, మామూలుగా మొదట్లోనే డిస్కులో మొత్తం చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది కాబట్టి. పక్కనున్న పద్దు ఫైలు మాయమైతేనే పని అయినట్టు.

ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, జిప్ విప్పితే లోపల ఒక ఈఎక్స్‌ఈ ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెరలో దాని పేరు, పక్కన లింకు, అంతే. అయితే ఉన్నదున్నట్టు వాడితే మా లైనుకి సరిపోదు. యూజర్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఆరియా2 అనే ఫోల్డర్ చేసి, అందులో సెట్టింగులు రాసే కాన్ఫ్ ఫైలు ఒకటి పెట్టి నాలుగైదు లైన్లు రాసుకున్నాను, మాన్యువల్లో ఇవే పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. కంటిన్యూ ట్రూ. మ్యాక్స్ ట్రైస్ 0, అంటే ఎన్నిసార్లైనా ప్రయత్నించు అని, మామూలుగా ఐదుసార్లకే చేతులెత్తేస్తుంది. రిట్రై వెయిట్ 30, ఒక ప్రయత్నానికీ ఇంకోదానికీ మధ్య అరనిమిషం ఆగడానికి. సర్వరుకి కనెక్షన్లు 4. పదహారు దాకా పెట్టుకోవచ్చు, పెట్టి చూపించి "చూడు ఎంత స్పీడో" అని గొప్పలు పోయేవాళ్లున్నారు గానీ, చాలా సర్వర్లు అంత తొక్కిసలాట చూసి తలుపు మూసేస్తాయి, పైగా మన ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయితే ఎన్ని కనెక్షన్లు వేసినా సెకనుకి 5 మెగాబైట్లకి మించి రావు (ప్లాన్ లెక్క బిట్లలో, ఫైలు లెక్క బైట్లలో, ఎనిమిదితో భాగించాలి).

ఐదో లైను పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకి: ఫైల్ అలొకేషన్ నన్. ఇది పెట్టకపోతే పెద్ద ఫైలుకి ముందు డిస్కు మీద చోటంతా నింపుకుంటూ పోతుంది, నల్ల తెర మీద ఫైల్అలొక్ అని కనబడుతూ డిస్కు లైటు గబగబా కొట్టుకుంటుంది, డౌన్‌లోడ్ మాత్రం కదలదు. హ్యాంగ్ అయిందని జనం మూసేసేది ఇక్కడే. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి అంత తేడా తెలియదు.

వాడగా వాడగా తెలిసిన లోటు ఒకటుంది. మ్యాక్స్ ట్రైస్ 0 అని ఎంత చెప్పినా, నెట్ పూర్తిగా పోయి సైటు పేరే దొరకని స్థితి వస్తే 19 అని కోడ్ ఇచ్చి విరమించుకుంటుంది. లైను తడబడితే తట్టుకుంటుంది, తెగితే మాత్రం ఆగిపోతుంది. అందుకని నోట్‌ప్యాడ్‌లో చిన్న బ్యాచ్ ఫైలు రాసుకున్నాను: ఆరియా2ని నడుపు, బయటికి వచ్చిన కోడ్ సున్నా కాకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ నడుపు. అంతే, ఆ తర్వాత రాత్రి టెన్షన్ పోయింది. పొద్దున లేచేసరికి ఫైలు ఉంటుంది, లేదా ఎందుకు లేదో చెప్పే నంబరు ఉంటుంది.

ఈ నంబర్ల కోసమే ఇంకా దీన్ని వదల్లేదంటే నమ్మండి. బ్రౌజరు ఏం జరిగినా ఇంచుమించు ఒకటే పాట పాడుతుంది. ఇది మాత్రం 19 అంటే పేరు దొరకలేదు (లైను గానీ, సైటు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ గానీ చూసుకో), 9 అంటే డిస్కులో చోటు లేదు, 3 అంటే ఫైలే అక్కడ లేదు, 8 అంటే ఆ సర్వరు సగం నుంచి ఇవ్వదు, 32 అంటే వచ్చిన ఫైలు సరిగ్గా లేదు అని విడివిడిగా చెబుతుంది. సగం పైగా సందర్భాల్లో తప్పు డౌన్‌లోడర్‌ది కాదని అప్పుడు అర్థమవుతుంది.

లైను విషయంలో మా కేబుల్ కుర్రాడికీ నాకూ చాలాకాలం ఒకటే వాదన. "లైన్ ఫుల్లుగా ఉందన్నా, స్పీడ్ టెస్ట్ చూసుకోండి, మీ సిస్టంలోనే ఏదో వైరస్ ఉన్నట్టుంది" అనేవాడు. వాడు వచ్చేది మధ్యాహ్నం, అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి మరి. ఆరియా2లో లాగ్ అనే ఆప్షన్ పెడితే లైను తెగిన ప్రతిసారీ టైముతో సహా రాసిపెడుతుంది. కొన్ని రోజుల లాగ్ తెరిచి చూపించాను, సాయంత్రం గాలి మొదలయ్యే వేళకే వరసగా తప్పులు. "ఇదేటన్నా, ఇంత కరెక్టుగా ఉంది" అని నిచ్చెన తెచ్చుకుని స్తంభం ఎక్కాడు. పెట్టెలో పచ్చ కనెక్టరు సగమే కూర్చుని ఉంది, గాలికి వైరు ఊగినప్పుడల్లా వెలుతురు తప్పుతోంది, ఇక్కడ మా రౌటరు మీద లాస్ అనే ఎర్ర లైటు ఓ క్షణం వెలిగి ఆరుతోంది. తుడిచి గట్టిగా నొక్కి పెట్టాడు. స్పీడ్ టెస్ట్ ఒక్క నిమిషం చూస్తుంది, పెద్ద డౌన్‌లోడ్ రాత్రంతా చూస్తుంది, ఆపరేటరుతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. రౌటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కూడా పెట్టించుకోండి, మీరు కొనే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

డిస్కు విషయానికొస్తే, మా బావమరిది కొడుకు గుణుపూర్ నుంచి ఫోన్ చేశాడు. 2025 అక్టోబరుతో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ వేద్దామని దాని 24.04 వెర్షన్ ఫైలు దించుతుంటే ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతోందట. "మావయ్యా, పెన్‌డ్రైవ్ 32 జీబీ, ఖాళీ బోలెడుంది" అంటాడు. ఎక్కడ ఆగుతోందిరా అంటే నాలుగు జీబీ దగ్గర అన్నాడు. ఇంకేం కావాలి, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. దానిలో ఎంత ఖాళీ ఉన్నా ఒక్క ఫైలు 4 జీబీకి మించి పట్టదు, ఆ ఉబుంటు ఫైలేమో ఆరు జీబీకి దగ్గర. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చమన్నాను, లేదా ముందు సి డ్రైవ్‌లోకే దించుకోమన్నాను. ఎప్పుడూ ఒకే సైజు దగ్గర ఆగితే లైనుని తిట్టకండి, లైనుకి 4 జీబీ లెక్క తెలియదు.

ఇంకోటి పాత డెస్క్‌టాప్‌లకే వచ్చే జబ్బు. ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది, ఆరియా2 కూడా సర్టిఫికెట్ తప్పు అంటుంది. కింద కుడి మూల తేదీ చూడండి, ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా గడియారం మొదటికొస్తుంది, ఆ తేదీకి సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టి కూడా ఉండదు. వాచీల షాపులో దొరుకుతుంది ఆ బిళ్ల. సర్టిఫికెట్ చెక్ చేయకు అనే ఆప్షన్ ఒకటి ఉంది, దాని జోలికి పోకండి.

32 కోడ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. పెద్ద ఫైళ్లు ఇచ్చే మంచి సైట్లు ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకోవడానికి షా256 అనే పొడవాటి అంకెలూ అక్షరాల వరస కూడా ఇస్తాయి, ఉబుంటు ఇస్తుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ అయితే ప్రతి ఫైలుకీ అలాంటివే ఎండీ5, షా1 ఇస్తుంది. ఆ వరసని ఆరియా2కి ముందే అందిస్తే దించిన తర్వాత తనే సరిచూస్తుంది. బ్రౌజర్లో దించినదాన్ని విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో చూసుకోవచ్చు. వరస కలవకపోతే వెంటనే మళ్లీ దించేయకుండా, ఉన్న ఫైలుకే ఇంకోసారి లెక్క కట్టించండి. ఒకే ఫైలుకి ఒక్కోసారి ఒక్కో వరస వస్తుంటే నెట్‌కి ఏ సంబంధమూ లేదు, మీ ర్యామో డిస్కో పాడవుతోంది. నా సిస్టంలో రెండు ర్యామ్ కర్రల్లో ఒకటి పీకేసరికి లెక్క కుదిరింది, అప్పటిదాకా జిప్ ఫైళ్లు "కరప్ట్" అనడం, సిస్టం ఊరికే రీస్టార్ట్ అవడం అన్నీ దాని పుణ్యమే. ఎన్నిసార్లు చూసినా అదే తప్పు వరస వస్తుంటే మీకు అందిన ఫైలే వేరు. వందల ఎంబీ ఉండాల్సిన జిప్ రెండు మూడు కేబీలే ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి, చాలాసార్లు అది లాగిన్ పేజీయో, లింకు గడువు అయిపోయిందని చెప్పే పేజీయో అయి ఉంటుంది.

లింకు గడువు అన్నాను కదా, ఆరియా2 పెద్దగా ఉపయోగపడనిది అక్కడే. లాగిన్ అయితేనే ఇచ్చే ఫైళ్లు, డ్రైవ్ షేరింగ్ లింకులు, కోచింగ్ యాప్‌ల పీడీఎఫ్‌లు, వీటికి మన లాగిన్ గుర్తుపెట్టుకునే బ్రౌజర్లోని కుకీలు కావాలి. ఇచ్చే మార్గం ఉంది గానీ నాకైతే అంత ఓపిక లేదు, వాటిని బ్రౌజర్లోనే దించుకుంటాను. విండోస్ ఇన్‌స్టాల్ చేసుకునే ఐఎస్‌ఓ ఫైలు లింకు మైక్రోసాఫ్ట్ సైటులో తీసుకుంటే 24 గంటలే పనిచేస్తుంది, మా లైను మీద అది కూడా కాస్త గండమే. యాంటీవైరస్ కూడా చూసుకోండి, నేను కొన్నాళ్లు డబ్బు కట్టి వాడినదొకటి పూర్తిగా దిగిన ఫైలుని చెప్పాపెట్టకుండా ఎత్తుకెళ్లి క్వారంటైన్‌లో దాచేది, ఫోల్డర్ ఖాళీగా కనబడేది.

నల్ల తెర చూస్తేనే భయపడేవాళ్లకి ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ చాలు, బటన్లుంటాయి, ఆగిన చోటినుంచి సాగుతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడని ఆఫీసు సిస్టం అయితే కర్ల్ అనే కమాండ్ 2018 నుంచి విండోస్ 10లోనే ఉంది, అదీ సగం ఫైలుని కొనసాగిస్తుంది, కాకపోతే ముక్కలుగా కాకుండా ఒకే ధారగా. ఆరియా2కి కొత్త వెర్షన్లు తరచుగా రావు, నేను వాడుతున్న 1.37.0 వచ్చింది 2023 నవంబరులో. నాకు దానివల్ల ఇబ్బంది ఏమీ రాలేదు. దించుకునేటప్పుడు మాత్రం గిట్‌హబ్‌లో ఉన్న దాని సొంత పేజీ నుంచే తీసుకోండి, సెర్చ్‌లో పైన కనబడే "ఫ్రీ డౌన్‌లోడ్" సైట్లు జిప్ ఇవ్వాల్సింది పోయి వాళ్ల ఇన్‌స్టాలర్ అంటగడతాయి.