ఒక వైద్య విభాగపు పరిశోధన సంచిక: మూడేళ్ళ పాఠకుడి సమీక్ష

ఒక విశ్వవిద్యాలయ వైద్య విభాగం మూడు నెలలకొకసారి వెలువరించే పరిశోధన వార్తల సంచికను నేను మూడేళ్ళుగా క్రమం తప్పకుండా చదువుతున్నాను. మోకాళ్ళ నొప్పులకు సంబంధించిన ఒక మందు పరీక్షలో వలంటీరుగా చేరిన రోజున, అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకున్న నర్సు, "మా సంచిక కూడా మీకు పంపమంటారా అండీ?" అని అడిగితే సరేనన్నాను. నేను వైద్యుణ్ణి కాను, పరిశోధకుణ్ణీ కాను. ఆ విభాగం పనికి నా రెండు మోకాళ్ళనూ అప్పిచ్చినవాణ్ణి మాత్రమే. ఈ సమీక్షను ఆ దృష్టితోనే చదవవలసిందిగా మనవి.

సంచికలో ఇరవై నాలుగు పేజీలుంటాయి. మొదటి ఎనిమిదింటిలో విభాగం సాధించిన విజయాలు, అంటే పురస్కారాలు, పదోన్నతులు, కొత్తగా మంజూరైన నిధులు, జ్ఞాపికలు పట్టుకుని నిలబడిన ఆచార్యుల ఫోటోలు ఉంటాయి. తరువాతి పేజీల్లో ఆ మూడు నెలల్లో అచ్చయిన పరిశోధన వ్యాసాల పరిచయాలు, ఆ వెనుక పరిశోధన పద్ధతుల మీద ఒక శీర్షిక, చివరి పేజీలో రాబోయే ప్రసంగాల వివరాలు, వలంటీర్లు కావాలన్న ప్రకటనలు వస్తాయి. భాష శుభ్రంగా ఉంటుంది. కఠినమైన వైద్య పదం మొదటిసారి వచ్చినప్పుడు దాని అర్థం అక్కడే చెబుతారు. ప్రతి పరిచయం కిందా మూల వ్యాసం ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో, పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారో, పరిశోధకులలో ఎవరికైనా మందుల కంపెనీలతో సంబంధాలున్నాయో లేదో తప్పకుండా రాస్తారు. మామూలు వార్తాపత్రికల ఆరోగ్య పేజీల్లో ఈ మూడూ ఒకచోట కనిపించడం అరుదు కనుక, సంచికకు మొదటి మార్కులు ఇక్కడే వేస్తున్నాను.

మొదటి ఎనిమిది పేజీల విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. నిధులు మంజూరు కావడమంటే పని మొదలుపెట్టడానికి అవకాశం దొరకడమే కాని పని ఫలించడం కాదు. ఈ సంచిక ఆ రెండింటినీ ఒకే కొలతతో కొలుస్తుంది. నిధులే విజయానికి గుర్తు అనుకుంటే, 1990లలో జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కారికో పేరు ఇలాంటి సంచిక దేనిలోనూ కనిపించేది కాదు. ప్రోటీన్ తయారీ సూచనలను కణానికి అందించే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను చికిత్సకు వాడవచ్చన్న ఆమె దరఖాస్తులు వరుసగా తిరస్కారానికి గురయ్యాయి, 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆమె హోదాను తగ్గించింది. ఆర్‌ఎన్‌ఏలోని ఒక అక్షరాన్ని కొద్దిగా మార్చితే శరీరం దాన్ని శత్రువుగా భావించి మంట పుట్టించడం తగ్గుతుందని డ్రూ వైస్‌మన్‌తో కలిసి ఆమె 2005లో ప్రచురించిన వ్యాసాన్ని అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. కోవిడ్ టీకాలకు పునాది అదే అయింది; 2023లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. వచ్చిన బహుమతి గురించి రాయడం ఎవరికైనా తేలికే. రాని నిధులతో సాగుతున్న పని గురించి కూడా ఒక్క పేజీ కేటాయించే ధైర్యం ఈ సంచికకు ఇంకా రాలేదు.

ఫోటోల గురించి కూడా ఒక మాట. ఇన్సులిన్ కనుగొన్నందుకు 1923లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బాంటింగ్‌కూ మెక్లియాడ్‌కూ నోబెల్ ప్రకటించినప్పుడు, బాంటింగ్ తన వాటా డబ్బును ప్రయోగాల్లో తనతో పనిచేసిన బెస్ట్‌తోనూ, మెక్లియాడ్ తన వాటాను జీవరసాయన శాస్త్రవేత్త కాలిప్‌తోనూ పంచుకున్నారు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఇచ్చిన మొదటి మోతాదు పెద్దగా పని చేయలేదు. కాలిప్ శుద్ధి చేసిన మందును జనవరి 23 నుంచి ఇచ్చాకనే అతని రక్తంలో చక్కెర దిగివచ్చింది. శుద్ధి చేసినవాడు ఫోటోలో లేకపోతే ఆ కథ సగమే. మూడేళ్ళుగా చూస్తున్నాను, ఈ సంచిక ఫోటోల్లో పరీక్ష నడిపే నర్సులు గానీ, ప్రయోగశాల సాంకేతిక సిబ్బంది గానీ, లెక్కలు సరిచూసే గణాంక నిపుణులు గానీ నాకు ఇంతవరకూ కనబడలేదు. నా మోకాళ్ళను ఆరు వారాలకొకసారి కొలిచింది మాత్రం వారే.

అసలు సరుకు వ్యాసాల పరిచయాల్లో ఉంది. గుండె, మూత్రపిండాలు, అంటువ్యాధులు, రక్తరోగాలు, ఇలా విభాగంలోని శాఖలన్నింటి నుంచీ వార్తలు వస్తాయి. రాసేవారికి విషయం తెలుసు, చదివించేలా చెప్పడమూ తెలుసు. అయితే శీర్షికలు రాసేది వేరెవరో అనిపిస్తుంది. మతిమరుపు వ్యాధికి చికిత్స చేతికందబోతోందన్న అర్థం వచ్చేలా పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టి, ఆ ప్రయోగం ఎలుకల మీద జరిగిందన్న సంగతిని ఐదో పేరాలో చెప్పిన పరిచయం ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మనుషుల మీద మొదటి దశ పరీక్షకైనా వెళ్ళని అణువుకు అప్పుడే రోగులను చూపించేశారు. వ్యాసం మాత్రం ఏ అబద్ధమూ చెప్పలేదు. చెప్పవలసిన నిజాన్ని ఆలస్యంగా చెప్పింది.

ఇది ఈ ఒక్క విభాగానికి పట్టిన జబ్బు కాదు. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో ఆరోగ్య పరిశోధనల గురించి ఇచ్చిన 462 పత్రికా ప్రకటనలను కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో ఒక బృందం మూల వ్యాసాలతో పోల్చి చూసి, ఫలితాలను 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. వాటిలో 40 శాతం ప్రకటనలు మూల వ్యాసం ఇచ్చినదానికంటే గట్టి సలహాలు పాఠకులకు ఇచ్చాయి; 33 శాతం కేవలం కలిసి కనిపించిన రెండు అంశాలను కారణమూ ఫలితమూ అన్నట్టు ముడిపెట్టాయి; జంతువుల మీద చేసిన పనిని మనుషులకు అన్వయించడంలో 36 శాతం హద్దు మీరాయి. పత్రికల వాళ్ళే గోరంతను కొండంత చేస్తారని మనం తిట్టుకుంటాం కాని, ఆ కొండకు మొదటి తట్ట మట్టి చాలాసార్లు విశ్వవిద్యాలయం నుంచే వెళుతోందని ఆ అధ్యయనం చూపింది. ప్రకటనలో జంతువుల ఫలితాన్ని మనుషులకు అతిగా అన్వయించినప్పుడు వార్తల్లో 86 శాతం అదే దారి పట్టగా, ప్రకటన నిగ్రహంగా ఉన్నప్పుడు ఆ తప్పు చేసిన వార్తలు 10 శాతమే. అతిశయోక్తి వల్ల ప్రకటనలకు పత్రికల్లో ఎక్కువ చోటు దక్కిందనడానికి పెద్దగా ఆధారం దొరకలేదన్నది అందులోని మరో ముఖ్య విషయం. అంటే ఈ సంచిక శీర్షికలు రాసేవారు లాభం కూడా లేని తప్పు చేస్తున్నారన్న మాట.

అంకెల దగ్గర నా ఫిర్యాదు ఇంకొంచెం పెద్దది. ఫలానా మందుతో గుండెపోటు ముప్పు సగానికి తగ్గిందని రాస్తారు. వందమందిలో ఇరవైమందికి వచ్చేది పదిమందికే వచ్చినా సగమే, వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ఒకరికే వచ్చినా సగమే. ఈ రెండు సగాల మధ్య ఉన్న తేడానే మందు వేసుకోవాలో వద్దో రోగి తేల్చుకునే చోటు. రుతువిరతి తరువాత స్త్రీలకు ఇచ్చే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన హార్మోన్ చికిత్స మీద అమెరికాలో 16,608 మందితో జరిగిన పెద్ద పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేసినప్పుడు, రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందన్న అంకె లోకమంతా పాకింది. అదే ఫలితాన్ని మరో విధంగా చెబితే, పదివేలమంది స్త్రీలు ఏడాదిపాటు ఆ చికిత్స తీసుకుంటే అదనంగా ఎనిమిదిమందికి ఆ క్యాన్సర్ వస్తుందని అర్థం. రెండూ నిజాలే, రెండూ పక్కపక్కన ఉండవలసినవే. మన సంచిక దాదాపు ఎప్పుడూ మొదటిదాన్నే అచ్చు వేస్తుంది.

ఇలా కాకుండా రాయడం సాధ్యమేనా అంటే, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2020 జూన్ 16న వెలువడిన ఒక ప్రకటనను చూడమంటాను. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారి మీద రికవరీ పేరుతో జరిగిన పరీక్షలో డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతోందని ప్రకటించిన పత్రం అది. మందు 2,104 మందికి ఇచ్చామనీ, మామూలు చికిత్స మాత్రమే పొందిన 4,321 మందితో పోల్చామనీ, రోజుకు ఆరు మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఇచ్చామనీ అందులో ఉంది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవారిలో అయిదో వంతు తగ్గాయని చెప్పి అక్కడితో ఆగలేదు. వెంటిలేటర్ మీద ఉన్న ఎనిమిదిమందికి మందు ఇస్తే ఒక ప్రాణం, ఆక్సిజన్ తీసుకుంటున్న పాతికమందికి ఇస్తే ఒక ప్రాణం దక్కుతుందని లెక్క చెప్పారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం లేదని కూడా అంతే స్పష్టంగా రాశారు. పూర్తి వ్యాసం రాకముందే ఫలితాలు ప్రకటించడం మీద అప్పట్లో విమర్శలు వచ్చిన మాట వాస్తవమే కాని, ఆ ప్రకటన చదివిన సామాన్యుడికి ఎవరికి, ఎంత, దేనితో పోలిస్తే అన్న మూడు సందేహాలూ తీరిపోతాయి.

అదే బృందం అంతకు పదకొండు రోజుల ముందు, జూన్ 5న, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వల్ల కోవిడ్ మరణాలు తగ్గలేదని ప్రకటించింది. మందు పొందిన 1,542 మందిలో 25.7 శాతం, పొందని 3,132 మందిలో 23.5 శాతం ఇరవై ఎనిమిది రోజుల్లో చనిపోయారు. పని చేయని మందు గురించిన ఈ ప్రకటన కూడా, పని చేసిన మందు గురించిన ప్రకటన లాగే, ఆసుపత్రుల్లో వైద్యం తీరును ప్రభావితం చేసింది. రక్తపోటు మాత్ర ఉదయం వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అన్న ప్రశ్న మీద డండీ విశ్వవిద్యాలయం 21,104 మందితో జరిపిన పరీక్ష 2022లో లాన్సెట్‌లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం వంటివి రాత్రి వేసుకున్నవారిలో 3.4 శాతానికీ, ఉదయం వేసుకున్నవారిలో 3.7 శాతానికీ వచ్చాయి, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎప్పుడు గుర్తుంటే అప్పుడే వేసుకోవచ్చని తెలిస్తే రక్తపోటు ఉన్న మా ఇంటి పెద్దలకు ఎంత నిశ్చింత! తేడా లేదన్న ఫలితం కూడా వార్తేనని మన సంచికకు ఎందుకు తోచదో నాకు అర్థం కాదు. మొన్నటి సంచికను మినహాయిస్తే, మూడేళ్ళ సంచికలనూ ముందు పెట్టుకుని వెతికినా, విభాగం ప్రయత్నించి విఫలమైన మందు ఒక్కటీ నాకు దొరకలేదు. అన్నీ విజయాలే అయితే పరీక్షలు చేయడమెందుకు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే పేజీ అదే సంచికలో ఉండటం విచిత్రం. పరిశోధన పద్ధతుల శీర్షిక గురించే నేను చెబుతున్నది. పరిశోధక విద్యార్థులు వంతులవారీగా రాసే ఈ రెండు పేజీలు సంచిక మొత్తానికీ మకుటం. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన 1948 నాటి బ్రిటిష్ పరీక్ష గురించి వచ్చిన భాగాన్ని నేను మూడుసార్లు చదివాను. మందు కొరతగా ఉన్న రోజుల్లో, ఎవరికి ఇవ్వాలో వైద్యుడి ఇష్టానికి వదలకుండా, గణాంక నిపుణుడు బ్రాడ్‌ఫర్డ్ హిల్ రూపొందించిన పద్ధతిలో మూసిన కవర్ల ద్వారా నిర్ణయించడం వల్ల పక్షపాతానికి ఎలా తావు లేకుండా పోయిందో అందులో చక్కగా వివరించారు. మందు పొందిన 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవారు నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో పద్నాలుగుమంది. అక్కడితో ముగించి చప్పట్లు కొట్టకుండా, చాలామంది రోగుల్లో క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారైందనీ, అందుకే తరువాత మందులను కలిపి ఇవ్వవలసి వచ్చిందనీ రాసిన ఆ విద్యార్థి నిజాయితీ నాకు నచ్చింది. నాకు ఇచ్చేది మందో ఉత్తుత్తి మాత్రో నాకూ, నన్ను పరీక్షించే డాక్టరు గారికీ కూడా ఎందుకు తెలియకూడదో మొదటి రోజు నర్సు చెప్పినప్పటికంటే ఈ శీర్షిక చదివాకనే నాకు బాగా బోధపడింది. ఈ రెండు పేజీలు రాసేవారి చేత మొదటి పేజీ శీర్షికలు కూడా రాయిస్తే బాగుంటుంది.

ఇక చిన్న విషయాలు. పటాల కింద అక్షరాలు భూతద్దం లేనిదే కనబడవు. సంచిక రెండుసార్లు నెల ఆలస్యంగా వచ్చింది. ప్రసంగాల వివరాలు ఆ ప్రసంగాలు అయిపోయాక చేరిన సందర్భమూ ఉంది. సంపాదకులకు ఉత్తరం రాస్తే మాత్రం వారం లోపే మర్యాదగా జవాబు వస్తుంది.

అలాంటి ఉత్తరం నేనూ ఒకటి రాశాను. నా పరీక్ష ముగిసి ఏడాదిన్నర దాటినా దాని ఫలితం సంచికలో రాలేదనీ, పరిశోధనలో పాల్గొన్నవారికి ఫలితాలు తెలుసుకునే అవకాశం ఉండాలనీ, ప్రతికూల ఫలితాలను కూడా బహిరంగపరచాలనీ వైద్య పరిశోధనల నైతిక నియమావళి అయిన హెల్సింకీ ప్రకటన 2013 రూపంలో స్పష్టంగా ఉందనీ గుర్తు చేశాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. మొన్నటి సంచికలో, చివరి పేజీలో, వలంటీర్లు కావాలన్న ప్రకటనకు పైన, నాలుగు వరుసలు అచ్చయ్యాయి. మందు తీసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ మోకాళ్ళ నొప్పిలో తేడా కనిపించలేదట. మొత్తం ఎంతమంది పాల్గొన్నారో మాత్రం రాయలేదు. దాని కోసం రెండో ఉత్తరం రాశాను. సంచిక మరో ఏడాది పంపమని కూడా అందులోనే కోరాను.