బడి పిల్లల ఆరోగ్యానికి ఏది మేలు: నర్సా, ఏడాదికోసారి వచ్చే టీమా, టీచరా?

ఆరోగ్య పరీక్షల టీమ్ మా హైస్కూలుకు వచ్చి వెళ్లిన మర్నాడు స్టాఫ్ రూమ్ బల్ల మీద పద్నాలుగు రిఫరల్ చీటీలు మిగిలాయి. పిప్పిపళ్లు, చూపు మందం, ఆరో తరగతి పిల్లాడికి చెవిలో చీము. రెండు నెలలయ్యాక అడిగితే ఆసుపత్రికి వెళ్లింది నలుగురే. తల్లిదండ్రులను తప్పుపట్టలేను. ఒకరోజు కూలి వదులుకుని పిల్లాణ్ని తీసుకెళ్లాలంటే ఎవరో ఒకరు వాళ్లకు గుర్తు చేయాలి, వారం పోయాక మళ్లీ అడగాలి. బడిలో ఆ రెండోసారి అడిగే మనిషి ఎవరన్నదే నాకు ముఖ్యం.

ఆ టీమ్ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కిందది. 2013లో మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు వస్తారు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకూ చూస్తారు. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. దీని విలువను తక్కువ చేయకూడదు. గుండె చప్పుడులో తేడా ఉంటే స్టెతస్కోప్ పెట్టి వినే డాక్టరే పట్టుకోగలరు, టీచర్ వల్ల కాదు. ఆపరేషన్ అవసరమైతే అదీ ఉచితంగా చేయించే దారి ఉంది. కానీ వాళ్లు వచ్చిన రోజు పిల్లాడు బడికి రాకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఇక టీచర్. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లకు ఆరోగ్యం బాధ్యత అప్పజెప్పే పద్ధతి వచ్చింది. బోర్డు మీది అక్షరాలకు కళ్లు చికిలించేది ఎవరో, ప్రేయర్‌లో కళ్లు తిరిగేది ఎవరికో మాకే ముందు తెలుస్తుంది. వారానికోసారి ఐరన్ మాత్ర, నులిపురుగుల రోజున అల్బెండజోల్ మింగించేదీ మేమే. ఆ నీలం రంగు ఐరన్ మాత్రను పరగడుపున ఇస్తే వికారం పెడుతుంది, అందుకే అన్నం తిన్నాకే ఇస్తాం. అయినా ఏ పిల్ల వాంతి చేసుకున్నా మాకు టెన్షనే. పైగా నెలసరి బాధ మగ టీచర్‌కు ఏ ఆడపిల్లా చెప్పుకోదు.

నర్సు ఏం చేస్తుందో నాకు తెలిసింది ఇంతకుముందు పనిచేసిన ఆడపిల్లల గురుకులంలో. అక్కడి ఏఎన్‌ఎం‌ను పిల్లలు సిస్టరమ్మ అనేవాళ్లు. కడుపునొప్పి అని వస్తే ముందు మాత్ర ఇచ్చేది కాదు. పక్కన కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కింది కనురెప్ప లాగి చూసేది. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి రెప్ప లోపల తెల్లగా పాలిపోయి కనబడింది. తలుపు దగ్గరకు వేసి మెల్లగా అడిగితే, పన్నెండు రోజులుగా బ్లీడింగ్ ఆగడం లేదని అప్పుడు చెప్పింది. అదే పూట పీహెచ్‌సీకి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ ఏడు కూడా లేదు. దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతానికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె వెనక ఇలా మూసుకున్న నోళ్లు ఎన్నో.

ఆమె రిజిస్టర్ నాకిప్పటికీ గుర్తు. పేరు, తేదీ, బాధ, ఇచ్చిన మందు, చివరి గడిలో 'మళ్లీ చూడాల్సిన రోజు'. ఒకరికి గజ్జి వస్తే ఆ గదిలో అందరికీ ఒకే రాత్రి ఒంటికి మందు పూయించి, దుప్పట్లు ఉడకబెట్టించేది. ఆస్తమా పిల్ల ఇన్‌హేలర్ ఎక్కడుందో చీకట్లో అడిగినా చెప్పేది. డాక్టర్ రాయని యాంటీబయాటిక్ ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు. అలాంటి మనిషికి స్టోర్ రూమ్ లెక్కలూ ఆన్‌లైన్ ఎంట్రీలూ అంటగట్టడం చూసి బాధపడ్డాను.

పరీక్షించి వదిలేస్తే చాలదని, వెంటపడి చూసే నర్సు కావాలని న్యూయార్క్ బడుల్లోనూ తేలింది. 1897 నుంచి డాక్టర్లు వచ్చి చూసేవాళ్లు, తామర, కంటిజబ్బు ఉన్న పిల్లల్ని ఇంటికి పంపేసేవాళ్లు. పిల్లలు వైద్యం లేక ఇంటి దగ్గరే ఉండిపోయేవాళ్లు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును ప్రయోగంగా నాలుగు బడులకు పెట్టారు. ఆమె బడిలోనే పిల్లలకు మందు వేసి, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు చేసి చూపించింది. పిల్లలు బడికి తిరిగి వచ్చారు, నర్సుల సంఖ్య పెరిగింది.

అందుకే హాస్టల్ ఉన్న బడికి నర్సు కావాల్సిందేనంటాను. రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే టీమూ ఉండదు, టీచర్ ఇంట్లో ఉంటారు. నర్సుకు సెలవు దొరకాలంటే ఒక్కరు కాదు, ఇద్దరుండాలి. రోజూ వచ్చిపోయే బడికి మాత్రం బడికొక నర్సు ఇప్పట్లో కుదిరే పని కాదు. దగ్గర్లోని ఐదారు బడులకు కలిపి ఒకరిని వేసి, వారంలో ఫలానా రోజు ఫలానా బడి అని ఖాయం చేస్తే చాలు. మాత్రలు, ఫస్ట్ ఎయిడ్ టీచర్ చూసుకుంటారు. టీమ్ రాసిన చీటీలు మాత్రం నర్సు చేతికే వెళ్లాలి. ప్రైవేటు బడిలో చేర్పించేవాళ్లు సిక్ రూమ్‌లో మంచం చూసి తృప్తిపడకండి. నర్సు ఏ వేళల్లో ఉంటారో, మా అబ్బాయి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడతారా, ఎవరిస్తారు అని అడగండి.

మా బడికి అలాంటి నర్సు ఇంకా రాలేదు. ఈ ఏడాది నుంచి మా రిజిస్టర్‌లో ఆ చివరి గడి గీశాను, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో తెరిచి ఫోన్లు చేస్తున్నాను. చెవి పిల్లాణ్ని వాళ్ల మేనమామ మూడో ఫోన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.