ఇన్‌కోలాయ్ గీజర్ కాయిల్: వైజాగ్ బోరు నీళ్లకు తట్టుకుంటుందా?

నికెల్, క్రోమియం, ఇనుము కలిసిన ఇన్‌కోలాయ్ లోహం తట్టుకుంటుంది. కానీ పక్కనే ఉండే యానోడ్ రాడ్‌ని (ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీని) వదిలేసి కాయిల్ ఒక్కటే మారిస్తే పెట్టిన డబ్బు దండగే. ఈ రివ్యూ 10 నుంచి 25 లీటర్ల స్టోరేజ్ గీజర్లలో వాడే 230 వోల్టుల, 2000 వాట్ల ఫ్లాంజ్ కాయిల్ (ట్యాంకుకి బోల్టులతో బిగించే ప్లేటు ఉన్న కాయిల్) గురించి. చిన్న ఇన్‌స్టంట్ గీజర్ల 3000 వాట్ల కాయిల్ సంగతి వేరు, దాన్ని ఇక్కడ కలపడం లేదు.

మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి రిజర్వాయర్ల నుంచి వచ్చే కుళాయి నీళ్లు మాత్రమే గీజర్లోకి వెళ్లే ఇళ్లలో కాయిల్‌కి సున్నం పట్టే గొడవ తక్కువ. మధురవాడ, కొమ్మాది వైపు అపార్ట్‌మెంట్లలో సంపులో బోరు నీళ్లు ఎంత, కుళాయి నీళ్లు ఎంత కలుస్తున్నాయో వాచ్‌మన్‌కే తెలియాలి. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి సున్నపు పెచ్చుగా మారుతుంది. ట్యాంకులో అన్నిటికంటే వేడిగా ఉండేది కాయిలే కాబట్టి ముందు దానిమీదే పేరుకుంటుంది. పెచ్చు మందమైతే కాయిల్ లోపలి వేడి, నీళ్లలోకి పోలేక లోపలే ఉండిపోతుంది, పై గొట్టం అతిగా కాగి చిట్లుతుంది. చీలికలోంచి నీళ్లు లోపలికి చేరగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతుంది. గీజర్ వేయగానే లోపల టపటపమని చప్పుడు వస్తోందంటే పెచ్చు బాగా పట్టినట్టే.

చాలామంది టీడీఎస్ మీటర్ చూసి నీళ్ల సంగతి తేల్చేస్తారు. ఆ మీటర్ కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో, ఉప్పు ఎంతో విడిగా చెప్పదు. కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో) విడిగా పరీక్షించుకోవాలి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. 600 దగ్గరి నీళ్లు తాగడానికి చెల్లినా కాయిల్‌కి మాత్రం శత్రువే.

ఇక లోహం. ఇన్‌కోలాయ్ 800లో నికెల్ 30 నుంచి 35 శాతం, క్రోమియం 19 నుంచి 23 శాతం ఉంటాయి, మిగతాది ఎక్కువగా ఇనుము. పెచ్చు కింద అతిగా కాగినా రాగి కంటే బాగా ఓర్చుకుంటుంది. రాగి వేడిని చక్కగా అందిస్తుంది, ధర కూడా తక్కువ. మెత్తటి నీళ్ల ఇంటికి అది చాలు, ఎక్కువ పెట్టనక్కర్లేదు. మామూలు 304 స్టీలు కాయిల్ మాత్రం సముద్రం దగ్గరి ఉప్పు బోర్లకు వద్దు, క్లోరైడ్ వల్ల సూదిమొన పొడిచినట్టు చిల్లులు పడతాయి. అంతమాత్రాన ఇన్‌కోలాయ్‌కి సున్నం పట్టదని కాదు. ఏ లోహానికైనా పడుతుంది, షాపువాడు ఇంకోలా చెబితే నమ్మకండి.

పూర్ణా మార్కెట్లో కొన్నా, గాజువాకలో కొన్నా, డబ్బిచ్చే ముందు మల్టీమీటర్ పెట్టి చూడమని అడగండి. రెండు టెర్మినళ్ల మధ్య 26 ఓంల దగ్గర రావాలి, 25 నుంచి 29 వరకు సరే. ఒక టెర్మినల్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య ఏ రీడింగూ రాకూడదు, ఓపెన్ అని చూపాలి. మన ఊరి గాలిలో తేమకి, గొట్టం లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి షాపు అరలో ఉండగానే చెమ్మ లాగేసుకోవచ్చు. రీడింగ్ ఏ కొంచెం వచ్చినా ఇంకో పీసు తీయించండి. ఫ్లాంజ్ కొలత, బోల్టుల మధ్య దూరం పాత దానితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, ఫొటో చూపించి కొంటే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

అసలు కొనాల్సిన అవసరం ఉందా అన్నది ముందు తేల్చండి. పాత కాయిల్ పైన చెప్పిన రెండు పరీక్షలూ నెగ్గితే, గొట్టం మీద ఉబ్బు, చీలిక లేకపోతే శుభ్రం చేసి మళ్లీ బిగించొచ్చు. ఎంసీబీ ఆపి, ప్లగ్ తీసేసి, చల్లారాక ఇన్‌లెట్ వాల్వ్ కట్టేసి నీళ్లు వదిలేయండి. ఖాళీ అయిందనుకున్నాక కూడా ఫ్లాంజ్ తీస్తే కొంత నీరూ బురదా కిందికి దిగుతాయి, బకెట్ పెట్టుకోండి. యానోడ్ విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే ఆమ్లం దాన్నే ముందు తినేస్తుంది. 2 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కాయిల్ మాత్రమే మునిగేలా, టెర్మినళ్లు పైకి ఉండేలా గంటా రెండు గంటలు ఉంచండి. మరిగే నీళ్లు వాడితే త్వరగా అయిపోతుందనుకోవద్దు. వేడికి కాల్షియం సిట్రేట్ తెల్లగా విడిపోయి మళ్లీ కాయిల్‌కే అంటుకుంటుంది. బుడగలు ఆగినా పెచ్చు మిగిలితే కొత్త ద్రావణం కలపాలి. తర్వాత ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, లీటరు నీళ్లకు ఒక చెంచా తినే సోడా కలిపి కడగాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే ఆ గీతల దగ్గరే తుప్పు మొదలవుతుంది. బాత్రూం యాసిడ్ అసలు వద్దు. కాయిల్ విప్పకుండా ట్యాంకులోకే యాసిడ్ పోసి కడిగేసి సర్వీసు అయిందనేవాళ్లకి డబ్బివ్వనక్కర్లేదు.

యానోడ్ మెగ్నీషియం కడ్డీ, ట్యాంకు ఇనుము బదులు తను కరిగిపోవడమే దాని పని. నీళ్లలో లవణాలు ఎక్కువైతే ఇంకా త్వరగా కరుగుతుంది. కొత్తది బొటనవేలంత లావుంటే, తీసింది కొరికేసిన చెరకు ముక్కలా గుంటలు పడి, మధ్యలో ఇనుప తీగ బయటపడి కనిపిస్తుంది. తీగ కనిపించినా, లావు సగానికి తగ్గినా మార్చేయాలి. అయినా చాలా సర్వీసుల్లో దాన్ని తీసి చూడరు, అడిగితేనే చూస్తారు. బోరు ఇళ్లలో ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యే ముందు చూడటం మంచిది.

గ్యాస్కెట్ ప్రతిసారీ కొత్తదే వేయాలి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే రబ్బరు నలిగి రెండో రోజు నుంచి చుక్క మొదలవుతుంది. వేడి నీళ్ల కుళాయి తిప్పి, గాలి పోయి ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయకండి. ఖాళీ ట్యాంకులో వేస్తే కొత్త కాయిల్ చూస్తుండగానే కాలిపోతుంది, దానికి వారంటీ వర్తించదు. థర్మోస్టాట్ 55 నుంచి 60 డిగ్రీల మధ్య పెడితే పెచ్చు నెమ్మదిగా పడుతుంది. పనిలో పనిగా 16 ఆంపియర్ల ప్లగ్ పిన్నులు కూడా చూడండి. ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే, కాయిల్ ఎంత మంచిదైనా ముందు మార్చాల్సింది ప్లగ్గూ సాకెట్టే.