అనంతగిరి నుంచి కిందికి: దిగుడు హాఫ్ మారథాన్ ఎలా ఉంటుంది?

దిగుడు దారిలో హాఫ్ మారథాన్ ఊపిరికి సులువు, తొడలకు చాలా కఠినం. కొన్నేళ్లుగా శీతాకాలం వచ్చిందంటే అరకు దారిలోని అనంతగిరి నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు ఘాట్ రోడ్డు దిగుతూ పరుగెత్తుతున్నాను. ఇది ఎవరో నిర్వహించే పోటీ కాదు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కలిసే మా బృందం చీకటితోనే బయలుదేరి జీపులో పైకి చేరుతుంది. అక్కడి నుంచి 21.1 కిలోమీటర్లు కొలుచుకుని దిగుతాం. నీళ్లు, మందుల పెట్టెతో ఒక వాహనం వెనకాలే వస్తుంది.

ముందు ఇష్టమైన సంగతి చెబుతాను. బీచ్ రోడ్డు ఉక్కపోతలో ఏడాదంతా చెమటోడ్చేవాళ్లకు ఆ చల్లగాలే పెద్ద వరం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, లోయలో తేలే మంచు చూస్తూ పరుగెత్తడం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. అయితే ఎత్తు వెయ్యి మీటర్లు తగ్గితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. పైన వణుకుతూ బయలుదేరినవాళ్లం కింద ఎండలో ముగిస్తాం. చలిలో దాహం తెలియదు కాబట్టి మొదటి నుంచే కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి.

అసలు విషయం కాళ్లది. దిగుడులో పాదం ఆనిన ప్రతిసారీ తొడ ముందరి కండరం సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువును నిలువరించాలి. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది ఈ పనిలోనే. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, చదును నేలతో పోలిస్తే 9 డిగ్రీల వాలు దిగేటప్పుడు పాదం నేలను తాకే బలం 54 శాతం, వెనక్కి నిలువరించే బలం 73 శాతం పెరిగినట్టు తేలింది. మన ఘాట్ మొత్తం అంత నిటారుగా ఉండదు. కానీ 21 కిలోమీటర్లలో పడే అడుగులు ఇంచుమించు ఇరవై వేలు. అన్ని అడుగుల్లోనూ ఆ భారం తొడలదే.

ఇక్కడే ఊపిరి మనల్ని మోసం చేస్తుంది. ఆయాసం ఉండదు, గుండె వేగం తక్కువగా ఉంటుంది, గడియారంలో వేగం మాత్రం అద్భుతంగా కనిపిస్తుంది. మా బృందంలో కొత్తగా చేరిన కుర్రవాడు ఐదో కిలోమీటరు దగ్గర, "అన్నయ్యా, ఇంత సులువని ముందే చెప్పలేదేం?" అన్నాడు. "పదిహేను దాటాక ఇదే మాట మళ్లీ చెప్పు" అన్నాను. పదహారో కిలోమీటరులో అతని మోకాళ్లు వణకడం మొదలైంది. మిగిలిన దూరం ఇద్దరం నడక, పరుగు కలిపి పూర్తిచేశాం. అందుకే మొదటి ఎనిమిది కిలోమీటర్లు మనసుకు తోచినదానికంటే నెమ్మదిగా దిగమని అందరికీ చెబుతాను. ఘాట్ తెలిసిన లారీ డ్రైవరు బ్రేకునే నమ్ముకోకుండా చిన్న గేరులో దిగినట్టు, మనమూ పొడవాటి అంగలు మాని చిన్న చిన్న అడుగులు చకచకా వేయాలి. వెనక్కి వాలితే మడమ మీద దెబ్బ పెరుగుతుంది. ఒళ్లు కాస్త ముందుకే ఉండాలి, చూపు పది పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి.

నొప్పి ఆ రోజు తెలియదు. మర్నాడు మొదలై రెండో రోజు ముదురుతుంది. మెట్లు దిగడం, భోజనానికి కింద కూర్చోవడం కష్టమవుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచే మా పెద్దాయన కూడా ఈ నొప్పి తీరే వేరంటారు. ఊరట ఏమిటంటే, ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాల పాటు తర్వాతి దెబ్బను మెరుగ్గా తట్టుకుంటుంది. సాధన మొత్తం దీని మీదే ఆధారపడాలి. విశాఖలో అందుకు కొండలకు లోటు లేదు. కైలాసగిరి రోడ్డు, సింహాచలం ఘాట్ రోడ్డు రెండూ పనికొస్తాయి. ఆరేడు వారాల ముందు నుంచి వారానికొకసారి, మొదట రెండు మూడు కిలోమీటర్ల దిగుడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. చివరి గట్టి దిగుడుకూ అసలు పరుగుకూ మధ్య రెండు వారాల ఎడం ఉండాలి. కేవలం చదునులో పరుగెత్తి ఈ దారికి రావద్దని గట్టిగా చెబుతాను.

బూట్ల విషయంలో ఒకటే చూస్తాను: బొటనవేలి ముందు వేలు పట్టేంత ఖాళీ. లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. పై రంధ్రంలోంచి కూడా లేసు దూర్చి మడమను బిగిస్తే పాదం జారదు. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. మరీ ఎత్తు అడుగుభాగం ఉన్న ఖరీదైన బూట్లు మలుపుల్లో చీలమండను ఊపేస్తాయి, నాకు నచ్చలేదు.

హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచు దగ్గరి దారే అయినా అక్కడ వాలు బాగా ఎక్కువ. ఎదురుగా వచ్చే వాహనాలు దూరం నుంచే కనబడే మలుపుల్లో మాత్రమే వెలుపలి వైపు దిగాలి. అవతలి వైపు కనబడని మలుపుల దగ్గర మేం పరుగు ఆపి, ఒకరి వెనక ఒకరం నడుస్తాం.

సమయం గురించి ఒక మాట. ఇక్కడ వచ్చిన సమయాన్ని మీ అత్యుత్తమంగా రాసుకోవద్దు. రికార్డు గుర్తింపుకు అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ అనుమతించే దిగుడు కిలోమీటరుకు ఒక మీటరే, అంటే హాఫ్ మారథాన్ మొత్తానికి 21 మీటర్లు. 2011లో బోస్టన్‌లో కెన్యా పరుగువీరుడు జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో మారథాన్ పూర్తిచేసి, అంతవరకూ ఎవరూ పరుగెత్తనంత వేగం చూపినా ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు. ఆ దారి దిగుడూ, మొదలూ చివరా దూరంగా ఉండటమూ అందుకు కారణాలు.

మోకాలి చిప్ప నొప్పి ఉన్నవాళ్లు, ఇప్పటిదాకా చదునులో హాఫ్ మారథాన్ పూర్తిచేయనివాళ్లు దీని జోలికి రావద్దు. మిగిలినవాళ్లు ఏడాదికొకసారి తప్పక దిగాల్సిన దారి ఇది. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో అరకు వెళ్లే పర్యాటకుల కార్లతో ఘాట్ కిక్కిరిసిపోతుంది. వారం మధ్యలో సెలవు పెట్టుకుని, వెలుగు రాగానే మొదలుపెట్టండి.