విశాఖలో రెండు రోజులు: బీచ్ ఎదురుగా దిగాలా, కాంప్లెక్స్ దగ్గరా?

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, మా ఇంటి ఫోన్‌కు ఒకటే ప్రశ్న. "బాబాయ్, శనివారం వైజాగ్ వస్తున్నాం, తక్కువలో ఎక్కడ దిగమంటావు?" వెంటనే ఒక షరతు కూడా ఉంటుంది: కిటికీ తెరిస్తే సముద్రం కనిపించాలి. తక్కువ అద్దె, కిటికీలో సముద్రం అనే ఈ రెండు కోరికలూ ఒకే గదిలో దొరకడం అరుదు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే జవాబును ఒకచోట రాసి పెడుతున్నాను.

తక్కువ ఖర్చుతో వచ్చేవారు సాధారణంగా చూసేవి మూడు చోట్లు. ఆర్కే బీచ్ ఎదురుగా లేదా దాని వెనుక వీధుల్లో ఉన్న హోటళ్లు ఒకటి. ఆర్టీసీ కాంప్లెక్స్ అని అందరూ పిలిచే ద్వారకా బస్ స్టేషన్ చుట్టుపక్కల ఆశీల్‌మెట్ట, ద్వారకానగర్ లాడ్జిలు రెండోది. రైల్వే స్టేషన్ ముందు దొండపర్తి వైపు లాడ్జిలు మూడోది. రుషికొండ, సింహాచలం గురించి చివర్లో రెండు ముక్కలు చెబుతాను.

అద్దెలు పోల్చేటప్పుడు అందరూ బోర్డు మీది అంకెనే చూస్తారు. నేను ముందు అడిగేది మరొకటి: ఆ అద్దె ఏ గంట నుంచి ఏ గంట వరకు? బీచ్ వైపు హోటళ్లలో ఎక్కువగా మధ్యాహ్నం పన్నెండుకు గది ఇస్తారు, మర్నాడు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయమంటారు. బస్టాండు, స్టేషన్ లాడ్జిలలో ఇప్పటికీ 24 గంటల లెక్క నడుస్తోంది. మీరు తాళం తీసుకున్న గంట నుంచి మర్నాడు అదే గంట వరకు గది మీది. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి మాత్రం ఖర్చంతా ఇక్కడే తేలుతుంది.

ఎందుకంటే వాళ్లు వచ్చేది రాత్రి ప్రయాణం చేసి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి తెల్లవారేసరికి విశాఖలో దింపుతుంది. రాత్రి బస్సులూ పొద్దున్నే చేరుతాయి. ఆ వేళకు మనిషికి కావలసింది స్నానం, ఒక గంట నడుం వాల్చడం. మధ్యాహ్నం పన్నెండుకు గది ఇచ్చే హోటల్‌కు పొద్దున ఆరున్నరకు వెళితే, గది ఖాళీ లేదనో, ముందుగా దిగినందుకు అదనంగా కట్టాలనో అంటారు. అలా అదనంగా కట్టిన రోజున బోర్డు మీది అంకెకు అర్థమే లేదు. కట్టనివాళ్లు పిల్లలతో, సంచులతో రిసెప్షన్ సోఫాలో కూర్చుంటారు. విశాఖలో సముద్రం అందంగా ఉండే వేళంతా అక్కడే గడిచిపోతుంది.

"మరి 24 గంటల లాడ్జిలో ఆరింటికి దిగితే, మర్నాడు ఆరింటికే వెళ్లగొడతారు కదా?" అని మా వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రెండు లెక్కలలోనూ చేతికొచ్చే గంటలు దాదాపు సమానం. కాని గడియారం ఎప్పుడు మొదలవ్వాలన్నది లాడ్జిలో మన ఇష్టం. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆరింటికే దిగండి. ఆదివారం ఆరింటికి గది ఖాళీ చేసి, సంచులు కౌంటర్‌లో పెట్టి, చల్లటి వేళలోనే భీమిలి బస్సు ఎక్కండి. కుర్రవాళ్లయితే రైలు టికెట్ చూపించి స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సంచులు పెట్టి, అక్కడే ముఖం కడుక్కుని, నేరుగా బీచ్‌కు పోవచ్చు. తిరిగి పదింటికి గది తీసుకుంటే, ఆదివారం పది వరకు మీదే. సాయంత్రం గోదావరికి తిరుగు ప్రయాణం కాబట్టి ఆ మధ్య గంటలను ఎలాగోలా గడపవచ్చు. బీచ్ హోటల్‌లో ఈ వెసులుబాటు లేదు.

గదిలో ఉండాల్సిన వేళ కూడా ముఖ్యమే. విశాఖ పొద్దున, సాయంత్రం తిరగాల్సిన ఊరు. పదకొండు దాటితే ఉక్కపోత. ఒళ్లంతా చెమట, ఆపైన ఉప్పుగాలి. ఈ ఊరివాళ్లెవరూ ఆ వేళలో బీచ్‌లో ఉండరు, మీరూ ఉండవద్దు. మధ్యాహ్నం గదికి చేరి రెండు గంటలు పడుకుని, నాలుగు దాటాక బయలుదేరితే రెండు రోజులు హాయిగా గడుస్తాయి. అందుకని ఊళ్లో ఏ మూల నుంచైనా మధ్యాహ్నం తక్కువ ఖర్చుతో గదికి చేరగలగాలి. ఈ పరీక్షలో కాంప్లెక్స్‌ను కొట్టేది లేదు. కైలాసగిరికి 10కె నంబరు బస్సు, సింహాచలానికి 6ఎ, రుషికొండ మీదుగా భీమిలికి 900కె. చాలా సిటీ బస్సులకు ఏదో ఒక దారిలో కాంప్లెక్స్ తగులుతుంది. ఆర్కే బీచ్ ఇక్కడికి మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ. సిరిపురం మీదుగా దిగువకు నడిచిపోయేవాళ్లూ ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎత్తు ఎక్కాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఈ లెక్క ఇంకా మారింది. స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగవాడు, ఒక పిల్లవాడు ఉన్న కుటుంబం విజయనగరం నుంచో రాజమండ్రి నుంచో వస్తే, ఊరు తిరిగే ఖర్చు దాదాపు సగం పోయినట్టే. తెలంగాణ చిరునామా ఉన్నవారు టికెట్ కొనాలి. అయినా అది ఆటో బేరంతో పోలిస్తే ఏపాటి! బీచ్ ఎదురుగా గది తీసుకున్నవారు రోజుకు నాలుగుసార్లు ఆటో ఎక్కడం చూస్తుంటాను. గదిలోంచి సముద్రం కనిపిస్తుంది, నిజమే. ఊరు చూడాలంటే మాత్రం ప్రతిసారీ బేరమే.

బీచ్ పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేస్తారు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. ఆ గంటన్నర కోసమే వచ్చే వృద్ధ దంపతులకు, మోకాళ్ల నొప్పులున్నవారికి బీచ్ గదే మేలు, డబ్బు లెక్క పక్కన పెట్టండి. ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం, కాళీమాత గుడి, మత్స్యదర్శిని అక్వేరియం అన్నీ నడిచే దూరంలోనే. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన కుర్సురా లోపలికి వెళ్లి చూడటం ఇక్కడ టికెట్ పెట్టి చూసేవాటిలో నిజంగా డబ్బుకు తగినది. ఆ ఇరుకు పడకలు చూశాక లాడ్జి మంచం మీద ఎవరూ ఫిర్యాదు చేయరు.

కాని సముద్రంలో దిగడానికి బీచ్ ఎదుటి గది అనేవారికి ఒక మాట. ఆర్కే బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ, ఇక్కడ ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. పాదాలు తడుపుకుని ముంత మసాలా తినడానికి అది చాలు. స్నానం చేయాలనుకుంటే శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన రుషికొండకు వెళ్లి, అక్కడ కూడా లైఫ్‌గార్డులు చెప్పిన హద్దులోనే ఉండండి.

రైల్వే స్టేషన్ వైపు లాడ్జిలు మూడింటిలోనూ చవక. 24 గంటల లెక్కా దొరుకుతుంది. నాకెందుకో ఆ వైపు మనసొప్పదు. రైలు దిగగానే "గది చూపిస్తా సార్" అంటూ వెంటపడేవారి కమీషన్ మన అద్దెలోనే కలుస్తుంది. రాత్రి పొద్దుపోయాక అక్కడ తిండికీ కాలక్షేపానికీ చెప్పుకోదగ్గది తక్కువ. పొద్దున్నే కిరండోల్ రైలు పట్టుకుని అరకు వెళ్లేవారికి మాత్రం అదే సరైన చోటు. రైలు టికెట్ ఖాయమైనవారు స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్‌లు, డార్మిటరీ కోసం ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయత్నించవచ్చు. ఒంటరిగా వచ్చేవారికి అంతకంటే చవక మరొకటి లేదు, దొరకడమే కష్టం.

రుషికొండలో దిగితే రుషికొండలోనే ఉండిపోవాలి. ఊళ్లోకి వచ్చిపోయే ఖర్చు, సమయం రెండూ తడిసి మోపెడవుతాయి. సింహాచలం దేవస్థానం సత్రాలు దర్శనానికి వచ్చినవారికి బాగుంటాయి, ఊరు చూడటానికి దూరం. ఇద్దరే కుర్రాళ్లయితే స్కూటర్ అద్దెకు తీసుకుని ఇవన్నీ మరచిపోవచ్చు.

తిండి విషయంలోనూ కాంప్లెక్స్ వైపే నా మొగ్గు. బస్టాండు చుట్టూ తెల్లవారకముందే ఇడ్లీ, పూరీ, మైసూరు బజ్జీ వేడిగా దొరుకుతాయి. బీచ్ ఎదుటి రెస్టారెంట్లలో అదే పూరీకి సముద్రం చూసిన ధర కూడా కలుపుతారు. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలే. పర్యాటకులు తినకూడదని ఎక్కడా రాసి లేదు, కాని మధ్యాహ్నం కూలికి వచ్చినవాళ్ల వరుస పొడవుగా ఉంటే పక్కకు తప్పుకోవడం మర్యాద.

భీమిలి రోజున 900కె ఎక్కేవారు సముద్రం వైపు కిటికీ పట్టుకోండి. వెళ్లేటప్పుడు అది కుడివైపు. గదిలో దొరకని కిటికీ ఇదే, పాతిక కిలోమీటర్లకు బస్సు టికెట్ ధరకే వస్తుంది. తొట్లకొండ చూడాలంటే దారిలో దిగి కొండెక్కాలి, రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం దగ్గర నీడ తక్కువ, కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా తిరిగే డబుల్ డెక్కర్ బస్సు పిల్లలకు సరదాయే, పొదుపు మాత్రం కాదు.

ఫోన్‌లో గది మాట్లాడేటప్పుడు "24 గంటల లెక్కేనా, ఎన్నింటికి దిగితే ఎన్నింటికి ఖాళీ చేయాలి?" అని అడిగి, చెప్పిన జవాబును మెసేజ్‌గా పంపించుకోండి. దసరా నుంచి సంక్రాంతి దాకా బెంగాల్ పర్యాటకులతో ఊరు కిటకిటలాడుతుంది, అప్పుడు అద్దెలతో పాటు నియమాలూ మారతాయి. ఆదివారం, సోమవారం కలిపి వద్దామనుకునేవారు కుర్సురాను ఆదివారమే చూసేయండి. సోమవారం దానికి సెలవు.