పాత సబ్‌మరీనర్ ఒరిజినలా, ఫస్ట్ కాపీనా: తేల్చడానికి వాడే పనిముట్ల మీద సమీక్ష

రోలెక్స్ సబ్‌మరీనర్‌లో 16610 మోడల్ 1980ల చివర మొదలై 2010 దాకా వచ్చింది. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌గా విపరీతంగా చేతులు మారుతుంది, నకళ్లూ అంతే విపరీతంగా ఉన్నాయి. దీన్ని తేల్చుకోవడానికి ఏళ్లుగా నేను వాడుతున్నవి నాలుగే: పది రెట్లు పెద్దదిగా చూపే ఐ గ్లాస్, చైన్ పట్టి ఉంచే స్ప్రింగ్ బార్ తీసే ఫోర్కు, చిన్న యూవీ టార్చి, వాచీ చప్పుడు విని నడక కొలిచే వైషీ 1000 టైమ్‌గ్రాఫర్. మొదటి మూడూ కారుచౌక. ఖరీదైనది నాలుగోదే. పనితనం చూస్తే వరస దాదాపు తిరగబడుతుంది.

పనిముట్ల సంగతికి ముందు ఒక మాట. "ఇది ఒరిజినలేనా?" అని మొత్తం వాచీని పట్టుకుని అడిగితే సరైన జవాబు రాదు. పూర్తి నకలు ఒక రకం. ఒరిజినల్ కేసులో, అంటే వాచీ గుల్లలో, బయటి మిషన్ పెట్టినది ఇంకో రకం. అన్నీ రోలెక్స్ భాగాలే, కానీ మూడు వాచీల నుంచి ఏరి కూర్చినది మూడో రకం. కంపెనీ సర్వీసు సెంటరే డయలో అద్దమో మార్చిన వాచీ నాలుగోది. ఇందులో మోసం లేదు, ధర మాత్రం తేడా పడుతుంది. ఆ మూడో రకాన్నే ఫ్రాంకెన్ అంటారు, పట్టుకోవడంలో అదే అన్నిటికన్నా కష్టం. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదని 2023లో ఒమేగానే ప్రకటించింది. వేలం సంస్థ నిపుణుల కళ్లే దాటిపోయిందంటే, అమ్మేవాడు పెట్టిన ఎనిమిది ఫొటోలు చూసి మనం తేల్చగలిగేది ఎంత? కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా ప్రశ్నించాలి: కేసు వయసుకు ఇది సరిపోతుందా?

ఐ గ్లాస్‌తో మొదట చూడాల్సింది డయల్ అడుగున, ఆరు దగ్గర ఉండే సన్నటి అక్షరాలు. 1998 ప్రాంతం వరకు అక్కడ "స్విస్ – టీ < 25" అని ఉంటుంది, అంటే చీకట్లో వెలిగే పూత ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం. ఆ తర్వాత కొద్దికాలం "స్విస్" ఒక్కటే. 2000 ప్రాంతం నుంచి "స్విస్ మేడ్". ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు కనుక ఆ డయల్ ఇప్పుడు చీకట్లో దానంతట అది వెలగదు. యూవీ టార్చి పనికొచ్చేది ఇక్కడే. ట్రిటియం పూత మీద వెలుగు వేస్తే మెరుస్తుంది, తీసేయగానే క్షణాల్లో ఆరిపోతుంది. "టీ < 25" అని రాసి ఉన్న డయల్ టార్చి తీశాక కూడా నిమిషాల తరబడి పచ్చగా వెలుగుతోందంటే మళ్లీ పూత పూసినట్టే. డయల్ ఆరిపోయి ముళ్లు మాత్రం వెలుగుతుంటే ముళ్లు మార్చారు. దీనికి తిరుగుడు కూడా ఉంది: 1995 నాటి కేసులో "స్విస్ మేడ్" డయల్ కనిపిస్తే వెంటనే దొంగ అనకండి, సర్వీసులో మార్చి ఉండవచ్చు. బిల్లు అడగండి, లేకపోతే ధర తగ్గించమనండి.

ఇదే ఐ గ్లాస్‌తో అద్దం. 2002-03 ప్రాంతం నుంచి ఆరు దగ్గర అద్దంలో లేజరుతో చుక్కలు చుక్కలుగా వేసిన బుల్లి కిరీటం ఉంటుంది. దీపాన్ని పక్కనుంచి పట్టి వాచీని వంచి వంచి వెతికితే తప్ప దొరకదు. చూడగానే కనిపించే కిరీటం మీద నాకు అనుమానమే. 1990ల వాచీ అద్దం మీద కిరీటం ఉంటే సర్వీసులో అద్దం మార్చి ఉంటారు. అలాంటి అద్దాల మీద కిరీటం అడుగున చిన్న ఎస్ అక్షరం కోసం చూడండి. తారీఖు మీది బుడిపె అద్దం రెండున్నర రెట్లు పెద్దది చేయాలి, అంకె గడిని నింపేయాలి. చవక నకళ్లు ఇక్కడే దొరికిపోయేవి. కొత్తవి ఇది నేర్చేసుకున్నాయి.

ఇక ఫోర్కు. నా దృష్టిలో ఇది ఈ నాలుగింటిలోనూ రాజు. చైన్ విప్పితే కేసు కొమ్ముల (చైన్ తగిలే చెవుల) మధ్య, ఆరు వైపున సీరియల్, పన్నెండు వైపున మోడల్ నంబరు 16610 కనిపిస్తాయి. విప్పే ముందు కొమ్ముల లోపలి అంచులకు టేపు అంటించండి, ఫోర్కు జారితే పడే గీత వాచీ ఉన్నంతకాలం ఉంటుంది. 2003 ప్రాంతం వరకు వచ్చిన కేసులకు కొమ్ముల్లో బయటికి రంధ్రాలుంటాయి, సన్నటి పిన్నుతో బయటినుంచే నొక్కవచ్చు. ఒరిజినల్ అంకెలు లోతుగా, అంచులు పదునుగా, వెలుగు పడితే తళుక్కుమంటూ ఉంటాయి. యాసిడ్‌తో తినిపించినవి ఇసుక చల్లినట్టు గరుకుగా, మసకగా కనిపిస్తాయి. చైన్ చివరి లింకు రాసుకుని కొంత అరిగి ఉండటం సహజమే. పాత కేసులో అంకెలు మరీ కొత్తగా ఉన్నాయంటే ఆలోచించాలి.

సీరియల్‌లో ముందు అక్షరం ఏడాదిని చెబుతుంది: టీ 1996, యూ 1997, ఏ 1998-99, పీ 2000, కే 2001, వై 2002, ఎఫ్ 2003-04, డీ 2005, జెడ్ 2006, ఎం 2007-08, వీ 2008-09. ఇది సేకర్తలు కూర్చుకున్న పట్టిక, రోలెక్స్ ప్రకటించింది కాదు. అందుకే ఏడాది అటూ ఇటూ వదిలేయాలి. ఎం నాటికి డయల్ చుట్టూ లోపలి ఉంగరం మీద రోలెక్స్ పేరు వరసగా చెక్కి, ఆరు దగ్గర సీరియల్ కూడా వేస్తున్నారు. రెండు చోట్లా నంబరు ఒకటే కావాలి. పదిమందికి ఒకే నంబరు వేసి అమ్మే నకళ్లు ఉన్నాయి కనుక నంబరును నెట్‌లో వెతకడం రెండు నిమిషాల పని. దొంగ సొత్తా అన్న అనుమానం ఉంటే లండన్‌లోని ద వాచ్ రిజిస్టర్ డబ్బు తీసుకుని చూసిపెడుతుంది.

టైమ్‌గ్రాఫర్ గురించి జనానికి ఉన్నంత భ్రమ వేరే దేనిమీదా లేదు. 16610 లోపల ఉండేది 3135 మిషన్: 31 రాళ్లు, గంటకు 28,800 బీట్లు, కీ నిండా ఇస్తే సుమారు 48 గంటల నడక. యంత్రానికి ముందుగా చెప్పాల్సిన లిఫ్ట్ యాంగిల్ అనే కోణం 52 డిగ్రీలు, వైషీలో ముందే పెట్టి వచ్చేదీ అదే. కీ నిండా ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 270 డిగ్రీల పైన, బీట్ ఎర్రర్ (టిక్కుకూ టాక్కుకూ మధ్య తేడా) 0.5 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నిలబెట్టి చూస్తే కొంత తగ్గుతుంది. కానీ 3135ను అనుకరించిన మిషన్లూ 28,800తోనే కొట్టుకుంటాయి, బాగా సెట్ చేస్తే తెరమీద గీతలు అంతే తిన్నగా వస్తాయి. కాబట్టి ఈ యంత్రం జాతకం చెప్పదు, ఆరోగ్యం మాత్రం చెబుతుంది. 21,600 చూపిస్తే చవక నకలని తేలుతుంది, యాంప్లిట్యూడ్ 220 కన్నా కింద ఉంటే సర్వీసు ఖర్చు ధరలోంచి తీసేయాలని తెలుస్తుంది. రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తుతుంటే ముందు అయస్కాంతం పట్టిందేమో చూడండి, దిక్సూచి ముల్లు దగ్గర పెడితే అది కదులుతుంది. ఫోన్ యాప్‌లు రేటు వరకు ఫరవాలేదు, యాంప్లిట్యూడ్‌కు వాటిని నమ్మను. ఒక్క వాచీ కోసమైతే ఈ యంత్రం కొనవద్దు, మెకానిక్ దగ్గర చూపించుకుంటే సరి.

చివరి మాట మాత్రం వెనక మూత తీస్తేనే. మూత అంచున సన్న గాడులుంటాయి, వాటికి సరిపోయే డై ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లండి. మూడు కాళ్ల ఓపెనర్‌తో తిప్పబోతే జారి గీతలు పెడుతుంది. లోపల బ్యాలెన్స్ చక్రానికి రెండు వైపులా ఆనుకున్న వంతెన ఉండాలి, చక్రం లోపలి అంచున స్పీడు సరిచేసే మైక్రోస్టెల్లా మరలుండాలి. స్పీడు మార్చడానికి ప్లస్, మైనస్ గుర్తులతో మీట కనిపిస్తే అది 3135 కాదు, అక్కడితో పరీక్ష ముగిసింది. చెయ్యి ఊపుకు దానంతట కీ ఎక్కించే రివర్సింగ్ చక్రాలు ఎర్రటి ఊదా రంగులో ఉంటాయి, కానీ నకళ్లు ముందు కాపీ కొట్టేది ఆ రంగునే, దాన్ని చూసి మురిసిపోకండి. పలకల అంచుల మెరుగును, చెక్కుడు అక్షరాల పదునును ఐ గ్లాస్‌తో చూడటం మేలు. మూత మళ్లీ బిగించేటప్పుడు గాస్కెట్ మార్పించి ప్రెషర్ టెస్ట్ చేయించండి. 300 మీటర్లు అన్న మాట కొత్త వాచీకి, పాత రబ్బరుకు కాదు.

పెట్టె, కాగితాలు అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. సీరియల్‌ను సూది రంధ్రాలతో గుచ్చిన పాత సర్టిఫికెట్లూ, ప్లాస్టిక్ కార్డులూ విడిగా అమ్ముడవుతాయి. కాగితం వాచీకి తోడుగా ఉంటే మంచిదే, బదులుగా కాదు. మన దగ్గర హెచ్‌ఎంటీ, పాత సీకో వాచీలకు రంగురంగుల డయళ్లు మళ్లీ అచ్చేసి అమ్మే "ముంబై స్పెషల్" రకం చూసినవాళ్లకు ఈ వ్యాపారం కొత్తగా అనిపించదు.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో తెప్పించుకునే మనవాళ్లకు ఇంకో చిక్కు. వాడిన వస్తువుల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి. నకలని తేలితే 2007 నాటి మేధో సంపత్తి నిబంధనల కింద కస్టమ్స్ ఆపేయవచ్చు. కొరియర్‌కు డబ్బు కట్టేముందు ఈ రెండూ కనుక్కోండి. విదేశంలో ఉన్నవాళ్లకు రోలెక్స్ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన సర్టిఫైడ్ ప్రీ ఓన్డ్ ఒక దారి, రెండేళ్ల గ్యారంటీ ఇస్తుంది. ధర ఎక్కువే, తలనొప్పి తక్కువ.

పరీక్షల వరస కూడా ముఖ్యం. కొన్ని సైట్లు తనిఖీ చేసి వాచీకి సీలు ట్యాగు కట్టి పంపుతాయి, ట్యాగు తెగితే వాపసు ఉండదు. అందుకే పార్సిల్ విప్పడం దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీస్తూ ముందు ఐ గ్లాస్, యూవీ టార్చి, టైమ్‌గ్రాఫర్ పని ట్యాగుతోనే ముగించండి. చైన్ విప్పితే కనిపించే సీరియల్ ఫొటోలు, మూత తీసిన మిషన్ ఫొటో, ఆనాటి తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి, కొనకముందే అమ్మేవాడి దగ్గర అడిగి ఉంచుకోండి. ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. 16610లు ఇంకా బోలెడు ఉన్నాయి.