అన్నపూర్ణ బేస్ క్యాంప్ దారిలో టీ హౌస్‌లు: తిండి, పడక, బిల్లు

నేపాల్‌లోని అన్నపూర్ణ బేస్ క్యాంప్‌ని అక్కడ అందరూ ఏబీసీ అంటారు. టెంటు, స్టవ్ మోసుకోకుండానే అక్కడిదాకా వెళ్ళిరావచ్చు. దారిలో గంటా రెండు గంటల నడకకి ఒక మజిలీ, ప్రతి మజిలీలో టీ హౌస్‌లు ఉంటాయి. పేరుకి టీ హౌస్ గానీ నిజానికి అది భోజనం, పడక రెండూ దొరికే లాడ్జి. ఇక్కడ చెప్పేది ఏదో ఒక లాడ్జి గురించి కాదు, దారి మొదట్లోని ఝినూ ఊరి నుంచి 4130 మీటర్ల ఎత్తున్న ఏబీసీ దాకా ఉన్న మొత్తం ఏర్పాటు గురించి. ఒక మజిలీలో ఏ లాడ్జికి వెళ్ళినా మెనూ దాదాపు ఒకటే, రేట్లూ ఒకటే. లాడ్జీల వాళ్ళంతా కలిసి కమిటీగా కూర్చుని నిర్ణయించుకుంటారు, కాబట్టి బేరమాడే పని లేదు. తేడా అంతా వంటింటి శుభ్రంలో ఉంటుంది, అంతకన్నా ఎక్కువగా మనం ఏ రాత్రి ఏ మజిలీలో పడుకుంటామన్న దాంట్లో ఉంటుంది.

తిండికి ఐదుకి నాలుగున్నర ఇవ్వాలి. పడకకి కింది మజిలీ చోమ్రోంగ్‌లో నాలుగు, బాగా పైనున్న దేఉరాలీ దాటాక రెండు. డబ్బుకి తగిన సేవేనా అంటే, ముమ్మాటికీ అవును.

రేట్లు పైకి వెళ్ళేకొద్దీ ఎందుకు పెరుగుతాయో దారిలో కళ్ళారా కనిపిస్తుంది. చోమ్రోంగ్ దాటాక రోడ్డు లేదు. బియ్యం, కోడిగుడ్లు, గ్యాస్ సిలిండర్లు మనుషుల వీపుల మీదే పైకి వెళ్తాయి. వెదురుతో అల్లిన డోకో అనే బుట్ట, దాని అడుగు నుంచి నుదుటి మీదికి వచ్చే నామ్లో అనే పట్టీ, బరువంతా మెడ మీదే. ఎదురుగా అలాంటి మనిషి వస్తుంటే కొండవైపు ఒరిగి దారి ఇవ్వండి, లోయ వైపు నిలబడకండి. కింద ఐదారు వందల నేపాలీ రూపాయలకి వచ్చే దాల్ భాత్ ఏబీసీలో ఎనిమిది వందలు, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఈ లెక్క స్థిరం. అంటే ఏబీసీలో కడుపునిండా భోజనం మన డబ్బుల్లో ఐదు వందల చిల్లర. ఆ ఎత్తులో అది ఎక్కువేమీ కాదు.

మెనూలో పిజ్జా, పాస్తా, మోమో, ఫ్రైడ్ రైస్ అన్నీ ఉంటాయి. పూటకొకటి ప్రయత్నించాలని మనసు లాగుతుంది, లొంగకండి. దాల్ భాత్ తీసుకోండి. అన్నం, పప్పు, బంగాళాదుంపతోనో క్యాబేజీతోనో కూర, ఆకుకూర వేపుడు, అప్పడం, కొంచెం పచ్చడి వస్తాయి. అన్నం, పప్పు, కూర అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. తక్కిన వంటకాలకి ఆ వెసులుబాటు లేదు. ఒక ప్లేటు తెప్పించుకుని ఇద్దరు పంచుకుని మళ్ళీ మళ్ళీ వడ్డించమనడం మాత్రం కుదరదు, ఒక ప్లేటు ఒక మనిషికే. పప్పు మన ముద్దపప్పులా కాదు, పల్చగా చారులా ఉంటుంది. అన్నంలో కొంచెం ఎక్కువే పోసుకుని కలపాలి.

4100 మీటర్ల దగ్గర నీళ్ళు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని గిన్నెలో పప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది, అందుకే పైన ప్రతి వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కూస్తూనే ఉంటుంది. సాయంత్రం డైనింగ్ హాల్లో కూర్చుంటే పలక గోడ అవతల నుంచి కూతలు వినిపిస్తుంటాయి. కూత ఆగిందంటే పావుగంటలో ప్లేట్లు వస్తాయి.

చోమ్రోంగ్ పైన మాంసం వండరు, మీరు తీసుకెళ్ళకూడదు కూడా. ఆ లోయని స్థానిక గురుంగ్ తెగవాళ్ళు పవిత్రంగా చూస్తారు. గుడ్లు ఉంటాయి. వెల్లుల్లి సూప్ తాగితే ఎత్తు ఒంటికి పడుతుందని ఎవరో ఒకరు చెప్తారు. వేడిగా, ఉప్పగా గొంతు దిగుతుంది కాబట్టి తాగండి, మందని మాత్రం నమ్ముకోకండి. ఉదయానికి గురుంగ్ బ్రెడ్ బాగుంటుంది. నూనెలో కాల్చిన, మన మందపాటి పూరీ లాంటిది. తేనెతోనో గుడ్డుతోనో ఇస్తారు.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్తే నాలుగో రోజు నుంచి వాటి విలువ తెలుస్తుంది. భోజనం అక్కడే కొంటున్నంత కాలం పచ్చడి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. సొంత నూడుల్స్ ప్యాకెట్ ఇచ్చి వేడినీళ్ళు పోయమంటే మాత్రం మొహం మాడ్చుకుంటారు. గదికి అద్దె తక్కువగా ఉన్నదే రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ అక్కడే చేస్తామన్న లెక్క మీద. బయట తింటే అద్దె పెంచుతారు, అందులో అన్యాయమేమీ లేదు. ఇంకో సంగతి, ఎత్తుకి వెళ్ళేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, సీలు వేసిన ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బుతాయి. నూనె పచ్చడి ప్యాకెట్ స్లీపింగ్ బ్యాగ్ పక్కన పగిలితే ఆ ట్రెక్ అంతా ఆవాల వాసనే. మూత బిగిసే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పై దాకా నింపకుండా పెట్టి, రెండు జిప్ కవర్లలో వేయండి.

ఆర్డర్ ఇచ్చే పద్ధతి తెలుసుకుంటే సగం చిరాకు తగ్గుతుంది. చేరగానే నోట్‌బుక్ ఇస్తారు. గది నంబరు, వంటకం, ఎన్ని గంటలకి కావాలి, అన్నీ మీరే రాయాలి. రాత్రి భోజనం మధ్యాహ్నం నాలుగింటికే రాసివ్వండి, పొద్దుటిది పడుకోబోయే ముందు. ఎనిమిది మంది స్నేహితులు ఎనిమిది రకాలు రాస్తే రెండో మూడో పొయ్యిలున్న వంటింట్లో చివరి ప్లేటు రావడానికి గంటన్నర పడుతుంది, మొదటి ప్లేటు ఈలోపు చల్లారిపోతుంది. అందరూ దాల్ భాత్ అన్నారంటే ఒకేసారి వస్తుంది. వంటింటావిడని ‘దీదీ’ అని పిలవండి. హిందీ దాదాపు అందరికీ అర్థమవుతుంది.

గది అంటే ప్లైవుడ్ గోడలు, రెండు మూడు మంచాలు, పల్చటి ఫోమ్ పరుపు, దిండు, ఒక రజాయి. హీటర్ ఉండదు. గోడ ఎంత పల్చనంటే పక్క గదిలో జిప్ తీసిన చప్పుడు కూడా వినిపిస్తుంది, కాబట్టి చెవుల్లో పెట్టుకునే దూది తప్పనిసరి. పైన రజాయి అడిగితే రెండోది దొరుకుతుందన్న నమ్మకం లేదు. నవంబరులో ఏబీసీలో రాత్రి మైనస్ 10 దాకా దిగొచ్చు. ట్రెక్‌కి ముందు ఆగే పోఖరా నగరంలో, లేక్‌సైడ్ పేటలో స్లీపింగ్ బ్యాగులు రోజువారీ అద్దెకి దొరుకుతాయి. తీసుకునేటప్పుడు వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని చూడండి, ఈకలు ఒక మూలకి గుంపుకట్టి మిగతా చోట గుడ్డ మాత్రమే కనిపిస్తే వద్దనండి. జిప్ చివరి దాకా రెండుసార్లు లాగి చూడండి. పడుకోబోయే ముందు వేడినీళ్ళు కొని, గట్టి మూత ఉన్న సీసాలో పోసి, సాక్సు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే రాత్రంతా వెచ్చగా ఉంటుంది. తెల్లారాక అవే తాగేనీళ్ళు.

బాత్రూములు ఉమ్మడివి. పైన తెల్లారేసరికి బకెట్లో నీళ్ళ మీద మంచు పెచ్చు కడుతుంది, కుళాయి బిగుసుకుపోతుంది. టాయిలెట్ పేపరు, చిన్న టార్చి ఎప్పుడూ జేబులో ఉండాలి. గ్యాస్ గీజర్ స్నానానికి విడిగా డబ్బు కట్టాలి, అది చోమ్రోంగ్, బాంబూ మజిలీల దాకా ఓకే. దేఉరాలీ పైన తల తడిపితే ఆరదు, ఒళ్ళు తుడుచుకుని సరిపెట్టుకోండి.

వైఫై, ఫోన్ ఛార్జింగ్, వేడినీళ్ళు అన్నీ పైకి వెళ్ళేకొద్దీ బిల్లులో విడి పద్దులు. చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది, కాబట్టి 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి ఇద్దరికి తెచ్చుకుని, రాత్రి దాన్నీ ఫోన్లనీ స్లీపింగ్ బ్యాగ్ లోపలే పెట్టుకోండి. చోమ్రోంగ్ పైన ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు అమ్మరు, అది చాలా మంచి నిబంధన. కాచిన నీళ్ళు లీటరు చొప్పున కొనడం కన్నా గుంపుగా పెద్ద ఫ్లాస్కు చెప్పించుకుంటే చవక. క్లోరిన్ మాత్రలు వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, మామూలు నీళ్ళకి అరగంట చాలుతుంది, మంచు కరిగిన చల్లటి నీళ్ళకి గంట ఆగాలి.

దేఉరాలీ, ఏబీసీ డైనింగ్ హాళ్ళలో పొడవాటి బల్ల చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, బల్ల కింద హీటర్ వెలిగించడం చూస్తారు. తలకింత అని తీసుకుంటారు. కాళ్ళు లోపల పెడితే ప్రాణం లేచొస్తుంది. అయితే మూసిన గదిలో గ్యాసో కిరోసినో మండుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. కిటికీ ఒకటి వేలెడంత తెరిచి ఉంచమని అడగండి. అందులోనే నిద్రపోకండి.

ఈ దారిలో అన్నిటికన్నా పెద్ద లోపం లాడ్జీల్లో లేదు, అమ్మే ప్యాకేజీల్లో ఉంది. చాలా ప్యాకేజీలు 3230 మీటర్ల దేఉరాలీ నుంచి ఒక్క రోజులో 4130 మీటర్ల ఏబీసీకి ఎక్కించి అక్కడే పడుకోబెడతాయి. ఒక్క రాత్రిలో 900 మీటర్ల తేడా. 3000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదన్నది వైద్యుల లెక్క. మధ్యలో 3700 మీటర్ల దగ్గర మచ్ఛాపుచ్ఛ్రే బేస్ క్యాంప్, అంటే ఎంబీసీ ఉంది. దేఉరాలీ నుంచి 470 మీటర్లు, అక్కడి నుంచి ఏబీసీకి 430. అమరిక ఇంత చక్కగా కుదిరినప్పుడు దాన్ని వదులుకోవడం ఎందుకు? మొదటి రోజు చోమ్రోంగ్, తర్వాత దోవన్, దేఉరాలీ, ఎంబీసీ. ఐదో రోజు తెల్లవారుజామున నాలుగింటికి టార్చితో బయల్దేరితే రెండు గంటల్లో ఏబీసీ. 8091 మీటర్ల అన్నపూర్ణ 1 మీద మొదటి వెలుగు నారింజ రంగులో పడి, నిమిషాల్లో కిందికి జారుతుంది. టీ తాగి ఎంబీసీకి వచ్చి టిఫిన్ చేసి, సాయంత్రానికి బాంబూ. అలా చేస్తే ఏబీసీలో పడుకోనే అక్కర్లేదు, తలనొప్పితో జాగారం చేసే బాధ తప్పుతుంది.

తలనొప్పికి తోడు ఆకలి చచ్చి, వాంతి వచ్చేలా ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు. డైనింగ్ హాల్ నేల పలకల మధ్య గీత మీద ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ పదడుగులు నడిపించి చూడండి. తూలితే అర్ధరాత్రయినా కిందికి దిగాల్సిందే. ఎత్తు పడకపోతే వేసుకునే డైమాక్స్ మాత్రలు డాక్టరుని అడిగాకే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ముఖ్యంగా. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు 4000 మీటర్ల పైన హెలికాప్టర్ రెస్క్యూకి వర్తిస్తుందో లేదో చదివి మరీ కట్టండి.

దేఉరాలీ, ఎంబీసీల మధ్య దారి హిఉంచులీ శిఖరం వాలుల కింద నుంచి పోతుంది. శీతాకాలంలో, వసంతంలో మంచు చరియలు పడేది అక్కడే. 2020 జనవరిలో దక్షిణ కొరియా ట్రెక్కర్లు, వాళ్ళ వెంట ఉన్న నేపాలీలు మంచు చరియ కింద పడి చనిపోయింది దేఉరాలీ దగ్గర్లోనే. మార్చి, ఏప్రిల్‌లో వెళ్ళేవాళ్ళు ఆ ముక్క ఉదయం పది లోపే దాటాలి, ఎండకి మంచు వదులయ్యాక కాదు. మంచు ఎక్కువగా ఉంటే నది అవతలి ఒడ్డున ఇంకో బాట ఉంది, అది తెరిచారా అని దేఉరాలీ లాడ్జిలో ముందు రాత్రే అడగండి. ఈ విషయంలో లాడ్జి వాళ్ళ మాటే శాసనం.

అక్టోబరులో గదుల కరువు నిజం. పైన మజిలీకి నాలుగైదు లాడ్జీలే. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నిండిపోతాయి, తర్వాత వచ్చినవాళ్ళకి డైనింగ్ హాల్ బెంచీలే పడకలు. గైడో పోర్టరో ఉంటే ముందురోజు ఫోన్ చేసి గది ఆపుతారు. గుంపు ఆరుగురుంటే బాగా కుదురుతుంది, రెండేసి లేదా మూడేసి మంచాల గదుల్లో సర్దుకోవచ్చు. పదిమందైతే రెండు లాడ్జీల్లో చీలిపోవడానికి సిద్ధపడండి. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు నడవాలి, మిగతావాళ్ళు వెనక.

బిల్లు పొద్దున బయల్దేరే హడావిడిలో కాకుండా రాత్రే కట్టేయండి. నోట్‌బుక్‌లో మీరు రాసినవి, వాళ్ళు రాసినవి పక్కపక్కన పెట్టి చూసుకుంటే టీలు, వేడినీళ్ళ లెక్కలో తప్పులు అప్పుడే తేలిపోతాయి. మనిషికి రోజుకి మూడు నుంచి నాలుగు వేల నేపాలీ రూపాయలు పెట్టుకోండి, మన డబ్బుల్లో రెండు నుంచి రెండున్నర వేలు. పోఖరాలో చాలా షాపుల్లో మన యూపీఐ పనిచేస్తుంది గానీ కొండ మీద నమ్ముకోకండి. ఏటీఎంలు లేవు, మొత్తం నగదు పోఖరా నుంచే చేత్తో పట్టుకెళ్ళాలి. మన పౌరులకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకి ఆధార్ చెల్లదు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ మనతో సహా సార్క్ దేశాలవాళ్ళకి 1000 నేపాలీ రూపాయలు, దారిలో చెక్‌పోస్టులో చూస్తారు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు దగ్గర పెట్టుకోండి.

దిగేటప్పుడు చివరి రాత్రి ఝినూలో ఉండండి. ఊరి నుంచి అరగంట కిందికి దిగితే మోదీ నది ఒడ్డున వేడినీటి ఊటలకి కట్టిన తొట్లు ఉన్నాయి. చోమ్రోంగ్ మెట్లకి బిగుసుకుపోయిన పిక్కలు అందులో వదులవుతాయి. సబ్బు బయటే వాడాలి, తొట్టిలో కాదు. తిరిగి పైకి ఎక్కాలి కాబట్టి చీకటి పడకముందే లేవండి. మర్నాడు పొద్దున 287 మీటర్ల వేలాడే వంతెన దాటితే పోఖరా జీపులు ఉంటాయి. సీటుకింత అని ముందు రాత్రే లాడ్జివాళ్ళతో మాట్లాడించుకుంటే పొద్దున నిలబడి ఎదురుచూసే పని ఉండదు.